అరిసెలు వండని యిల్లు

తెలుగువారి యిండ్లలో శిశువు ఎదుగుదలకు కొలబద్ద వంటయింటిలోనే యున్నది. బిడ్డ బోర్లపడిన నాడు బొబ్బట్లు, తొలి యడుగులు వేసిన నాడు అరిసెలు, మాటలు వచ్చిన నాడు పంచదార చిలకలు పంచిపెట్టుట మన యాచారము. వరుసగా పేర్చిన అరిసెల మీదుగా పిల్లవానిని వ్రేలు పట్టి నడిపించి, ఇరుగుపొరుగులకు అరిసెలు పంచి, ‘మా వాడు నడిచాడు’ అని వీథి వీథంతకు తెలియజేయుదురు. వైద్యశాస్త్రము వికాస సోపానములని పేరిడి పట్టికల కెక్కించిన విషయమును మన ముత్తవ్వలు బెల్లపు పాకముతో లెక్కించిరి. ఆ లెక్కలో శాస్త్రమును కలదు, సంతోషమును కలదు.

కాని యీ యాచారమునకు మరియొక ముఖము కలదు. రెండేండ్లు నిండవచ్చినను అడుగు పడని బిడ్డ గల యింట అరిసెల పిండి దంచరు. పొరుగింట తరువాత పుట్టిన పాప నడచినప్పుడు అచ్చటి నుండి అరిసెలు వచ్చును. తల్లి వానిని చిరునవ్వుతో అందుకొని, లోపలికి పోయి గిన్నె కడిగి, ఖాళీ గిన్నె తిరిగి ఈయరాదు గనుక చిటికెడు పంచదార వేసి యిచ్చును. ‘మీ వాడింకా నడవలేదా?’ అని యెవరును అడుగరు. అట్లు అడుగకుండుటయే ఆమెకు అన్నిటికంటె పెద్ద ప్రశ్న. అడిగిన యొకరిద్దరు పెద్దవారును ఊరడింపు మాటయే చెప్పుదురు: ‘వీడి మేనమామ కూడా మూడేళ్ళకి గాని మాట్లాడలేదమ్మా. మగపిల్లలు అంతే. అదే వస్తుందిలే.’ ఈ ఊరడింపు ప్రేమతో పలుకబడునదే. కొందరు బిడ్డల విషయమున నిజము కూడ కావచ్చును. ఐనను, ఎవరి విషయమున నిజమో, ఎవరి విషయమున కాదో తేల్చుకొనకుండ పలుకబడుట వలన అది అనేక కుటుంబములకు ఒకటి రెండేండ్ల కాలమును పోగొట్టుచున్నది. ఆ కాలము ఎట్టి విలువ గలదో, ఆ కాలమున తల్లిబిడ్డలకు పదిమంది నడుమ చేయదగిన సాయ మేదో వివరించుటయే యీ యధ్యాయము యొక్క పని.

మొదట ఆలస్య మనగా నేమో నిర్ణయించుకొనవలెను. పిల్ల లందరును ఒకే నాడు నడువరు, ఒకే నాడు పలుకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశములలో, అందు మన దేశమొకటి, ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కల ప్రకారము, ఆధారము లేక కూర్చుండుట 3.8 నెలలకును 9.2 నెలలకును నడుమ, తనంత తాను నడచుట 8.2 నెలలకును 17.6 నెలలకును నడుమ సంభవించును. నూటికి నలుగురు పిల్లలు చేతుల మీదను మోకాళ్ళ మీదను పాకుట యన్న ఘట్టమును దాటవేసియే నడచిరి. నెలలు నిండక పుట్టిన బిడ్డ లెక్క వేరు: రెండు నెలలు ముందుగా పుట్టిన శిశువునకు తొలి పుట్టినరోజు నాటికి శాస్త్రపు లెక్కలో నిండినవి పది నెలలే. ఇంత విశాలమైన గడువు నిచ్చి చూచిన తరువాత కూడ, దాని ఆవలి గట్టున మిగిలిన బిడ్డను మాత్రము ‘వస్తుందిలే’ అని విడువరాదు. మాటల విషయమున వైద్యులు చిరకాలముగా పాటించుచున్న హద్దు లివి: ఏడాదికి ముద్దుపలుకులు గాని చేతి సైగలు గాని లేకున్నను, పదునారు నెలలకు ఒక్క మాటయైనను రాకున్నను, రెండేండ్లకు రెండు మాటలు స్వయముగా కలిపి పలుకకున్నను పరీక్ష చేయింపవలెను. వచ్చిన మాటలు పోయినచో ఏ వయస్సున నైనను ఒక్క దినము ఆగరాదు. మాటలు రాని ప్రతి బిడ్డకు తొలుత చేయవలసినది చెవుల పరీక్ష. వినికిడి లేని బిడ్డను మొండివాడని దండించిన యిండ్లు నే నెరుగుదును. థైరాయిడు లోపము వంటి కొన్ని కారణములకు మందులే యున్నవి. అట్టివి ముందు వెదకి తీసివేయవలెను. తక్కినవి, అనగా సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, కారణమే తేలని ఆలస్యములు, మందుబిళ్ళకు లొంగునవి కావు. వీని విషయమున చేయు సాయమును ఆంగ్లేయ వైద్యగ్రంథములు ‘ఎర్లీ ఇంటర్వెన్షన్’ అనుచున్నవి. మన ప్రభుత్వపు ఫలకముల మీద ‘సత్వర చికిత్స’ యని యుండును. చికిత్స యన్న మాట నాకు అంతగా రుచింపదు. ఇందు రోగమును తొలగించుట కంటె, బిడ్డ యెదుగు దారిని తల్లిదండ్రులతో కూడి చదును చేయుట యెక్కువ. అందుచేత దీనిని తొలిసాయ మందును.

ఈ తొలిసాయపు చరిత్రలో ఒక విచిత్ర ఘట్టము 1930వ దశకమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున జరిగినది. డావెన్‌పోర్టు నగరమున నొక అనాథాశ్రమ ముండెను. అచ్చటి చంటిబిడ్డలు తొట్టెలలో పడియుండెడివారు. ఆ తొట్టెల ప్రక్కలకు తరచుగా గుడ్డలు కట్టబడి యుండుటచే వారికి పైకప్పు తప్ప వేరొకటి కానవచ్చెడిది కాదు. ఆటవస్తువు లుండెడివి కావు. అట్టి స్థితిలో నున్న ఇరువురు ఆడుశిశువులను, ఒకతెకు పదమూడు నెలలు, ఇంకొకతెకు పదునారు నెలలు, హెరాల్డ్ స్కీల్స్ అను మనస్తత్త్వవేత్త పరీక్షించెను. వారు నవ్వరు, ఆడరు, కూర్చుండిన చోటనే ఊగుచుందురు. ప్రజ్ఞాలబ్ధి ఒకతెకు 46, ఇంకొకతెకు 35. ఇక వీరికి ఆశ లేదని తలంచి అధికారులు ఆ శిశువులను, నాటి సమాజము ‘మందమతులు’ అని ముద్రవేసిన వయోజన స్త్రీలుండు వేరొక సంస్థకు పంపివేసిరి.

కొన్ని నెలల పిమ్మట స్కీల్స్ ఆ సంస్థకు మరియొక పని మీద పోయి, అచ్చట పరుగెత్తుచు నవ్వుచు నున్న ఇద్దరు చిన్నపిల్లలను చూచెను. తాను చూచిన శిశువులు వీరేనా యని ఆయన నమ్మలేకపోయెను. మరల పరీక్షించెను, వారు వయస్సునకు తగినట్లే యెదుగుచుండిరి. జరిగిన దేమన, ఆ వార్డులోని స్త్రీలు ఈ బిడ్డలను తమ బిడ్డలనుగా చేసికొనిరి. ఎత్తుకొనిరి, ఆడించిరి, బొమ్మలు తెచ్చిరి, షికార్లకు తీసికొనిపోయిరి. వారికి చదువు లేదు, శిక్షణ లేదు. తీరిక కలదు, మమత కలదు, వారు పదిమంది కలరు. స్కీల్స్ ఇది చూచి, తన సహచరుడు హెరాల్డ్ డైతో కలిసి, మూడేండ్లలోపు వయస్సు గల పదముగ్గురు బిడ్డలను అట్టి స్త్రీల నడుమకు పంపెను. సంస్థ పుస్తకములలో వారిని ‘ఇంటి అతిథులు’ అని వ్రాసికొనిరి. వారి సగటు ప్రజ్ఞాలబ్ధి మొదట 64. కొంతకాలమునకు అది సుమారు 28 అంకెలు పెరిగెను. అనాథాశ్రమముననే యుండిపోయిన పన్నిద్దరు బిడ్డలకు మొదట 87 ఉండగా, అది 26 అంకెలు పడిపోయెను. ఈ వృత్తాంతము 1939లో అచ్చయినప్పుడు పండితలోకము దానిని పరిహసించెను. ప్రజ్ఞ పుట్టుకతోనే నిర్ణయమై యుండునని నాటి విశ్వాసము.

స్కీల్స్ ఇరువది యేండ్లకు పైగా గడచిన పిదప ఆ యిరువదియైదుగురిని వెదకుటకు పూనుకొనెను. 1966లో ఆయన ప్రకటించిన ఫలితము నేను చదివిన శాస్త్రపత్రములలో నన్నెక్కువ కలచివేసినది. ‘ఇంటి అతిథులు’ పదముగ్గురును స్వతంత్రులై తమ కాళ్ళపై తాము నిలిచి బ్రదుకుచుండిరి. వారి మధ్యస్థ విద్యార్హత పండ్రెండవ తరగతి. అనాథాశ్రమముననే యుండిపోయిన జట్టులో ఒకరు కౌమారముననే మరణించిరి, నలుగురు ఇంకను సంస్థలలోనే యుండిరి. వారి మధ్యస్థ విద్య మూడవ తరగతిని దాటలేదు. ఈ పరిశోధనకు లోపములున్నవి. బిడ్డలను చీట్లు వేసి విభజింపలేదు. బాగుపడిన వారిలో పదునొకొండుగురు పిమ్మట దత్తత పోయిరి గనుక ఫలము వార్డుదో దత్తత గృహముదో వేరుచేసి చెప్పలేము. మరియు ఆ బిడ్డలకు పుట్టుకతో వచ్చిన నాడీలోపము లుండెనని కాదు. వారిని మందమతులనుగా చేసినది ఆ పైకప్పే. ఐనను, ఎదుగుదలకు కావలసిన యాహారములలో మనుష్యసాన్నిధ్యము ఒకటి యనియు, దానిని వడ్డించుటకు పట్టాలు అక్కరలేదనియు ఆ వార్డు ఋజువు చేసినది.

అయినచో మొదటి రెండు మూడేండ్లకే యింత తొందర యేల? పుట్టిన శిశువు మెదడు పెద్దవాని మెదడులో నాలుగవ వంతు తూకము. రెండేండ్లకు అది ముప్పాతికకు చేరును. కణముల సంఖ్య పెరుగుట దీనికి ముఖ్య కారణము కాదు, వాని నడుమ సంధులు అల్లుకొనుటయు, తీగలకు కొవ్వుపూత పట్టుటయు కారణములు. మెదడులో చూపునకు సంబంధించిన భాగమున ఈ సంధుల సంఖ్య ఎనిమిదవ నెల ప్రాంతమున శిఖరము నంటునని చికాగో వైద్యుడు పీటర్ హట్టెన్‌లోకర్ సూక్ష్మదర్శినితో లెక్కించి చూపెను. ఆ తరువాత వాడుకలో నున్నవి నిలుచును, వాడనివి రాలిపోవును. వరినారు పోసినవానికి ఇది క్రొత్త విషయము కాదు. మూడేండ్ల తరువాత ద్వారము మూసికొనిపోవునని దీని యర్థము కాదు. పెద్దయిన తరువాత నేర్పవచ్చును, ఐతే అప్పుడు శ్రమ యెక్కువ, ఫలము తక్కువ.

సాయము తొందరగా అందవలె నన్న మాటకు ఎదురు చెప్పువారు నేడు లేరు. అది ఎవరికి అందవలెనన్న చోటనే పొరపాటు జరుగుచున్నది. వారమున కొక గంట నిపుణుని యెదుట బిడ్డను కూర్చుండబెట్టిన చాలునని తలంతుము. లెక్క చూడుడు. రెండేండ్ల బిడ్డ రోజుకు సుమారు పదమూడు గంటలు నిద్రపోవును. మేల్కొనియుండు కాలము వారమునకు డెబ్బదియేడు గంటలు. అందులో ఒకటి నిపుణునిది, తక్కిన డెబ్బదియారు తల్లివి, నాయనమ్మవి, అన్నలవి, అక్కలవి. ఆ డెబ్బదియారు గంటలలో నేమి జరుగవలెనో యెవరును చెప్పకపోయినచో, ఆ యొక్క గంట ఎండిన చెరువున పడిన చినుకు.

ఆ డెబ్బదియారు గంటలను నేర్పు విద్య యెట్లుండునో చూడవలెనన్న కోరికతో నే నొక జిల్లా ఆసుపత్రి పై యంతస్తులోని గదికి కొన్ని వారములు పోయి కూర్చుంటిని. నేల మీద రెండు ప్లాస్టిక్ చాపలు. ఎనమండుగురు తల్లులు, ఒక నాయనమ్మ, పని మాని వచ్చిన ఒక తండ్రి. ఒకటిన్నర నుండి మూడేండ్ల వరకు వయస్సు గల పిల్లలు. బొమ్మలు తక్కువ, స్టీలు గ్లాసులు, గరిటెలు, మూతడబ్బాలు, చింతకాయ రంగు పాత చున్నీ ఒకటి. నేర్పునది ఇరువదియైదేండ్ల స్పీచ్ థెరపిస్టు. ఆమె పిల్లలతో మాటలాడుట తక్కువ, తల్లులతో నెక్కువ.

ఒక తల్లి ఒడిలో రెండేండ్ల రెండు నెలల బాలుడు. మాట లేదు, పిలిచిన చూడడు. ఆమె చేతికి మరమరాల డబ్బా ఇచ్చి, మూత బిగించి వాని ముందు పెట్టుమని చెప్పిరి.

‘అడక్కముందే ఇచ్చేస్తాను మేడమ్, ఏడుస్తాడని’ అని ఆ తల్లి అనెను.

‘ఈసారి మనసులో పది లెక్కపెట్టమ్మా. చెయ్యి కదపకు. చూపు మాత్రం వాడి మొహం మీదే ఉంచు.’

బాలుడు డబ్బాను ఊపెను; లోపలి మరమరాలు గలగలలాడెను. మూతను కొరికెను. నేలకేసి కొట్టెను. డబ్బా దొర్లి పక్క తల్లి మోకాలి కడ ఆగెను. ఆమె చేయి సాచబోయి, తమాయించుకొని వెనుకకు తీసికొనెను. గదిలో నెవరును పలుకలేదు. బాలుడు ప్రాకుచు పోయి డబ్బాను తెచ్చి తల్లి ఒడిలో పెట్టి, ఆమె చేతిని పట్టి లాగి మూత మీద పెట్టెను. చేయి కదలలేదు. అప్పుడు వాడు తలయెత్తి ఆమె కన్నులలోనికి చూచెను. ఒక్క క్షణము, అంతే. ‘తియ్యనా?’ అని తల్లి మూత తీసి నాలుగు గింజలు వాని చేతిలో పోసి మరల మూత బిగించెను. ఆమె గొంతు అప్పటికే మారిపోయినది. ‘చూశాడక్కా, నీ కళ్ళలోకి చూశాడు’ అని పక్కనున్న తల్లి కేక వేసెను. ఆ పూట వాడు అట్లు ఆరుమారులు చూచెను. మాట రాలేదు, ఆ దినమున మాట పని కాదు. అడుగుట అన్నది ఒకటి యున్నదని, అడిగినచో అమ్మ వినునని తెలియుటయే ఆ దినపు పాఠము.

చూచుట, ఆగుట, వినుట అను ఈ మూడు మెట్ల పద్ధతికి ఒక చరిత్ర కలదు. కెనడా దేశమున మాంట్రియల్ నగరములో 1975లో అయాలా మనోల్సన్ అను వాక్చికిత్స నిపుణురాలు, తన యొద్దకు వచ్చు తల్లిదండ్రులను విడివిడిగా గాక ఒక్కచోట కూర్చుండబెట్టి బోధింప నారంభించెను. బిడ్డ దేనిని చూచుచున్నదో చూడుము, తొందరపడి పూరింపక ఆగుము, వచ్చిన ధ్వనిని మాటగా వినుము. ఆ యుద్యమము ‘హానెన్’ అను పేర ప్రపంచమంతట వ్యాపించినది. ఇది చదువునప్పుడు, చంటిబిడ్డను కాళ్ళపై కూర్చుండబెట్టి తారంగ మాడించుచు, నడుమ నొక క్షణము చేతులు ఆపి, బిడ్డ ‘ఊఁ’ అనువరకు ఊరించు మన అమ్మమ్మలు నాకు జ్ఞప్తికి వచ్చిరి. వారా విద్యను ఎరిగియే యుండిరి. ఐతే బదులు పలుకు బిడ్డతో ఆడుట సులభము. బదులు పలుకని బిడ్డతో పది మారులు ఆడి, ఉలుకు లేక, పదునొకొండవ మారు తల్లి మానివేయును. ఆమె మానుట చేత బిడ్డ మరింత మౌనమగును. ఈ వలయమును త్రెంచుటయే యీ విద్య యంతయు.

ఆట యని తక్కువగా చూచువారి కొరకు మరియొక పరిశోధన చెప్పుదును. కాళ్ళు బిగుసుకొనిపోవు జాతి సెరిబ్రల్ పాల్సీ గల 48 మంది శిశువులను, అందరును ఏడాది నుండి పందొమ్మిది నెలల లోపువారు, అమెరికా వైద్యులు రెండు జట్లు చేసిరి. ఒక జట్టుకు ఏడాది పొడవున ఫిజియోథెరపీ; రెండవ జట్టుకు మొదటి ఆరు నెలలు తల్లిదండ్రులు చేయించు ఆటపాటల క్రమము, ఆ పైని ఫిజియోథెరపీ. ఆరు నెలల కాలమునకు నడువగలిగినవారు మొదటి జట్టులో నూటికి పండ్రెండుగురు, రెండవ జట్టులో నూటికి ముప్పదియైదుగురు. ఈ పత్రము 1988లో వెలువడెను. దీనిచే ఫిజియోథెరపీ నిరర్థకమని తేలలేదు. కాలు ఎందుకు కదపవలెనో బిడ్డకు తెలిసినప్పుడే కాలు కదలునని నే నర్థము చేసికొంటిని. అందని గరిటె కొరకు కదలిన కాలు, వేరొకరు వంచిన కాలు ఒకటి కావు.

ఇక పదిమంది యెందుకు? ప్రతి యింటికి ఒకరు పోయి నేర్పరాదా? నేర్పవచ్చును, గొప్ప ఫలములును కలిగినవి. జమైకాలోని కింగ్‌స్టన్ మురికివాడలలో 1980వ దశకమున శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ అను వైద్యురాలు, పొట్టిగా మిగిలిన 129 మంది బిడ్డలను తీసికొని, కొందరి యిండ్లకు వారమున కొక గంట చొప్పున రెండేండ్లు ఆరోగ్య కార్యకర్తలను పంపి, పారవేసిన సీసాలతో డబ్బాలతో చేసిన ఆటవస్తువులతో తల్లులకు ఆట నేర్పించెను. ఇరువది రెండేండ్ల వయస్సున ఆ బిడ్డల సంపాదన, ఆ సాయము పొందని తోటివారి కంటె నూటికి ఇరువదియైదు వంతు లెక్కువ. ఆమెయే పిమ్మట మన పొరుగున ఒడిశాలో 192 గ్రామములందు ఇంటింటికి పోవు పద్ధతిని, తల్లుల గుంపుకు నేర్పు పద్ధతిని పక్కపక్కన పెట్టి పరీక్షించిన బృందమునకు పెద్ద. 2020లో ప్రకటితమైన ఆ ఫలితముల ప్రకారము బిడ్డల తెలివియందును భాషయందును రెండు పద్ధతులును ఇంచుమించు సమానముగా పనిచేసినవి. ఖర్చు మాత్రము బిడ్డకు ఏడాదికి ఇంటింటి పద్ధతిలో 135 డాలర్లు, గుంపు పద్ధతిలో 38. ఆ బిడ్డలు పేదరికము చేత వెనుకబడు ప్రమాదము గలవారే గాని వైకల్యము గలవారని కాదు; కావున ఈ యంకెలను సెరిబ్రల్ పాల్సీకో ఆటిజంకో యథాతథముగా అన్వయింపరాదు. గుంపులో నేర్చిన విద్య నీరుగారిపోదని మాత్రము తేలినది.

డబ్బు లెక్క ప్రభుత్వములకు కావలెను. తల్లికి కావలసిన లెక్క వేరు. బిడ్డ యొక్క ఆలస్యమునకు మన సమాజము తొలుత తల్లినే బాధ్యురాలిని చేయును: గ్రహణము నాడు బయటికి వచ్చితివనును, దిష్టి తీయలేదనును, పాలు సరిగా ఈయలేదనును. పడమటి దేశములును ఇందుకు తీసిపోలేదు. ఆటిజంకు తల్లుల ఆదరరాహిత్యమే హేతువని అచ్చటి పండితులు ఏండ్ల తరబడి వ్రాసిరి. ఆటిజం గల బాలుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి దానిని ఖండింపవలసి వచ్చెను. ఈ నింద మోయుచు ఒంటరిగా నున్న తల్లికి నిపుణుని ఓదార్పు మాట నమ్మకము కలిగింపదు, అది ఆయన ఉద్యోగ ధర్మ మనుకొనును. తనవంటి బిడ్డనే ఒడిలో పెట్టుకొని, తనకంటె ఆరునెలలు ముందు నడచిన మరియొక తల్లి ‘మా వాడూ ఇట్లాగే ఉండేవాడు’ అన్నప్పుడు నమ్మును. నే చూచిన గదిలో నిపుణురాలు నేర్పినవి ఎన్నియో, తల్లులు తమలో తాము నేర్చుకొన్నవి అంతకంటె ఎక్కువ: వంగని చేయికి చొక్కా యెట్లు తొడుగవలెను, ముద్ద మ్రింగలేని బిడ్డకు అన్నము ఎంత మెత్తగా పిసుకవలెను, సర్టిఫికెట్టు కొరకు ఏ కిటికీ కడ నిలువవలెను, పెండ్లిలో బంధువులు అడిగినచో నేమి చెప్పవలెను. ఆ నాయనమ్మ మొదటి రెండు వారములు ‘మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా’ అని గోడకు ఆనుకొని కూర్చుండెను. మూడవ వారము తక్కిన నాయనమ్మ లెందుకు రాలేదని ఆమెయే నిలదీసెను.

మన దేశమున ఇందులకు కావలసిన కట్టడములు లేకపోలేదు. సికిందరాబాదులో బుద్ధివికాస లోపములు గలవారి కొరకు జాతీయ సంస్థ 1984లో వెలసినది. 2021లో దేశమున ప్రారంభింపబడిన 14 తొలిసాయ కేంద్రములలో అచ్చటి దొకటి. తిరువనంతపురము వైద్యకళాశాలలో 1987లో స్థాపింపబడిన శిశువికాస కేంద్రము, 17 అంశముల పట్టిక నొకటి తయారుచేసినది. దానిపై బిడ్డ వయస్సు కడ ఒక పెన్సిలును నిలువుగా పెట్టినచో, ఎడమ ప్రక్కన మిగిలినవన్నియు బిడ్డకు వచ్చియుండవలెను. అంగన్‌వాడీ కార్యకర్త ఐదు నిమిషములలో చూడగల పరీక్ష యిది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు ఏటా రెండుమారులు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూడవలెను. ఆలస్యము కనబడిన బిడ్డను జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. వికలాంగ శిశువుల కొరకు అంగన్‌వాడీలు పాటింపవలసిన క్రమమును కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించినది.

ఐతే నే నెక్కువ కేంద్రములలో చూచిన దృశ్యమిది. నిపుణుడు తలుపు తీసి బిడ్డను లోపలికి గొనిపోవును, తలుపు మూసికొనును, బిడ్డ ఏడుపు అరగంట వినబడును, తల్లి వెలుపల బెంచీ మీద కూర్చుండి చీరచెంగు నలుపుచుండును. ఆ బెంచీ మీద అట్టి తల్లులు ఆరుగురో ఏడుగురో యుందురు, ఒకరి నొకరు చూచుకొనుచు, మాటలాడుకొనక. అరగంటకు తలుపు తెరచి బిడ్డ నిచ్చి ‘మళ్ళీ వారం రండమ్మా’ అందురు. నలుబది కిలోమీటర్ల దూరమునుండి, కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి వచ్చిన తల్లి లోపల నేమి జరిగినదో ఎరుగకయే తిరిగిపోవును. ఇది నిపుణుల దుర్మార్గము కాదు. వారి చదువు అట్లే సాగినది, వారి రిజిస్టరులో బిడ్డ పేరునకు గడి యున్నది, తల్లి నేర్చిన దానికి గడి లేదు. ఐనను చెప్పక తప్పదు: కూటమికి కావలసిన వారందరును ఆ బెంచీ మీద సిద్ధముగా నున్నారు. తెరువవలసినది తలుపు మాత్రమే.

ఇట్టి కూటములు చేయలేనివియు కలవు, వానిని దాచుట పాపము. డౌన్ సిండ్రోమ్ పోదు. దెబ్బతిన్న మెదడు భాగము మరల మొలకెత్తదు. ఆటిజం గల బిడ్డల తల్లిదండ్రులకు శిక్షణ యిచ్చిన పరీక్షలలో, గోవాలోను పాకిస్తానులోని రావల్పిండిలోను సామాన్య ఆరోగ్య కార్యకర్తలచే జరిపిన దానిలో సైతము, తల్లి బిడ్డకు స్పందించు తీరు స్పష్టముగా మెరుగైనది. బిడ్డ లక్షణములలో మార్పు అంత స్పష్టముగా లేదు. కొందరు బిడ్డలు ఎన్నడును మాటలాడరు. వారికి బొమ్మల పలకతోనో సైగలతోనో అడుగుట నేర్పవలెను, అదియు మాటయే. మరియు తల్లికి నేర్పుట యన్నది తల్లి నెత్తిన మరియొక బరువు పెట్టుట కారాదు. ‘ఇంట్లో చేయించావా?’ అని గద్దించు కేంద్రము, గ్రహణమును సాకుగా చూపు అత్తగారికంటె మేలైనది కాదు. స్నానము, అన్నము, బట్టలు తొడుగుట, నిద్రపుచ్చుట, వీనిలోనే ఇముడు పాఠము ఇంట నిలుచును; దానికై వేరుగా గంట కేటాయింపుమన్నచో అది మూడవ నాటికే ఆగిపోవును. తల్లి తల్లిగానే యుండవలెను.

ఆ గదిలో నొక శుక్రవారము అరిసెలు వచ్చినవి. రెండేండ్ల తొమ్మిది నెలల పాప, ముందు రాత్రి మంచమును పట్టుకొన్న చేయి విడిచి నాలుగడుగులు వేసినదట. తల్లి తెల్లవారుజామున లేచి వండి, పాత వార్తాపత్రికలో చుట్టి తెచ్చినది. నడిపింపవలెనన్న ఆత్రమున రెండు అరిసెలను చాప మీద పరచిరి. పాప వాని మీద నడువక కూర్చుండి ఒకదానిని తినివేసినది. మరమరాల బాలుని తల్లియు ఒక అరిసె తీసికొనెను. ఆమె లోపలికి పోవలసిన పని లేకపోయెను. అచ్చటనే కూర్చుండి తినెను, సగము వానికి పెట్టెను.

చదువరీ, నీ యింట గాని, నీ వీథిలో గాని పదునెనిమిది నెలలు నిండి తనంత తాను నడువని బిడ్డయో, రెండేండ్లు నిండి రెండు మాటలు కలుపని బిడ్డయో, పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడని బిడ్డయో యున్నచో, మేనమామ కథ చెప్పకుము. అంగన్‌వాడీ కార్యకర్తతో చెప్పి జిల్లా ఆసుపత్రిలోని కేంద్రమునకు తీసికొనిపొమ్ము. పుట్టిన తేదీయు, ఎన్ని వారములకు పుట్టినదియు, పుట్టినప్పుడు బరువెంత యన్నదియు వ్రాసిన కాగితము వెంట నుండవలెను. తల్లిని ఒంటరిగా పంపవద్దు. తండ్రి గాని, నాయనమ్మ గాని తోడుపోవలెను. తలుపు కడ బిడ్డ నందుకొనుటకు చేతులు చాచినప్పుడు, ‘మేమూ లోపలికి వస్తాం, మాకూ నేర్పండి’ అని అడుగవలెను. అడుగుటకు రుసుము లేదు.